తలుపు బయట నిలబడే మర్యాద
(రాజపాళయంలో దివాలా వ్యవహారాల ఆఫీసు సిబ్బందికి, ఆ పనిలోకి రాదలచిన యువతకు జరిగిన శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగం)



దివాలా ఆఫీసు సిబ్బంది శిక్షణకు పాస్టరును ఎందుకు పిలిచారా అని మీలో కొందరు అనుకుంటూ ఉంటారు. పిలుపు వచ్చినప్పుడు మేమూ అలాగే అనుకున్నాము. చట్టం చెప్పడానికి లాయర్లున్నారు, లెక్కలు చెప్పడానికి ఆడిటర్లున్నారు. కాబట్టి మీ బల్లకు అవతలివైపు కాగితాల సంచి పట్టుకొని నిలబడే మనిషి గురించి మేము మాట్లాడతాము.

తరతరాల క్రితం తెలుగు నేల నుంచి వచ్చి స్థిరపడిన రాజుల ఊరు ఇది. 1949 నుంచి 1952 వరకు మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రిగా ఉన్న పి.ఎస్. కుమారస్వామి రాజా ఈ ఊరివారే. రాజుల ఇళ్లలోనే కాదు, నాయుళ్ల వీధుల్లోనూ, అరుంధతీయుల పేటల్లోనూ ఇప్పటికీ తెలుగు వినబడుతుంది. నూలు మిల్లుల్లో, బ్యాండేజీ గుడ్డ నేసే మగ్గాల దగ్గర ఈ జనమే పనిచేస్తారు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, కోర్టు కాగితంలో ఇంగ్లీషు. ఈ మూడు భాషల మధ్య ఒక కూలివాని జీతం ఎలా జారిపోతుందో మేము కళ్లారా చూశాము.

కొన్నేళ్ల క్రితం మా సంఘంలోని ఒక పెద్దాయన పనిచేసే మిల్లు మూతపడింది. ఇరవై ఏళ్లకు పైగా చేసిన పని. నెలల జీతం బాకీ. ఒకరోజు ఆయన పాత పేపరు ముక్క ఒకటి పట్టుకొని మా దగ్గరికి వచ్చాడు. "అయ్యగారూ, ఇందులో మా మిల్లు పేరుందట, ఏమిటో చూడండి" అన్నాడు. అప్పుడు మేము ఉజ్జీవ కూటాల ఏర్పాట్లలో ఉన్నాము. "ప్రార్థన చేద్దాం, వచ్చేవారం చూద్దాం" అన్నాము. ఆ వచ్చేవారం మూడు వారాలైంది. చివరికి ఆ ప్రకటనలోని నంబరుకు ఆయన చేతే ఫోను చేయించాము. అవతల ఎవరో "డేట్ అయిపోయింది" అని పెట్టేశారు. ఆయన నమ్మాడు. మేమూ నమ్మాము.

ఆ తరువాత చాలా కాలానికి ఒక లాయరు మిత్రుడు చెప్పాడు, అప్పటికి డేట్ అయిపోలేదని. పెద్దాయన మాత్రం డబ్బు సంగతి ఎత్తలేదు. "నా పేరైనా అడగలేదు అయ్యగారూ" అన్నాడు.

ఆ ఫోను ఎత్తినవారిని మేము నిందించడం లేదు. బహుశా వారికి ఎవరూ నేర్పలేదు. మాకూ ఎవరూ నేర్పలేదు, మేమూ నేర్చుకోవాలనుకోలేదు. ఆ తప్పులో మా వంతు ఉంది. దాన్ని ఒప్పుకోవడానికే ఈ రోజు మీ ముందు నిలబడ్డాము.

ఇంతకూ చట్టం ఏమంటుంది? 2016 దివాలా చట్టం ప్రకారం కంపెనీ మీద కేసును ట్రిబ్యునల్ స్వీకరించగానే ఒక రిజల్యూషన్ ప్రొఫెషనల్‌ను నియమిస్తుంది. తమిళనాడు కంపెనీలకైతే ఆ ట్రిబ్యునల్ చెన్నైలో ఉంది. ఆయన ఇంగ్లీషు పేపరులో ఒకటి, ప్రాంతీయ భాషా పేపరులో ఒకటి ప్రకటన వేయాలి. బాకీలున్నవారు తమ క్లెయిము ఇవ్వడానికి ఆయన నియామకం నాటి నుంచి 14 రోజులు గడువు. కార్మికులకు, ఉద్యోగులకు ఫారం డి ఉంది. దాన్ని చేతికి ఇవ్వవచ్చు, పోస్టులో పంపవచ్చు, ఈమెయిల్ చేయవచ్చు. అందరి తరఫున ఒక ప్రతినిధి ఫారం ఇ వేయవచ్చు. 14 రోజులు దాటినా, కేసు స్వీకరించిన నాటి నుంచి 90వ రోజు వరకు క్లెయిము ఇవ్వవచ్చు. కంపెనీని మూసి ఆస్తులు అమ్మేదాకా వెళితే, కార్మికుడు క్లెయిము వేయకపోయినా కంపెనీ పద్దు పుస్తకాలను బట్టి అతని బాకీని ఒప్పుకునే అధికారం లిక్విడేటరుకు ఉంది.

చూశారా, చట్టంలో ఎన్ని తలుపులు ఉన్నాయో! ఒక్క "డేట్ అయిపోయింది" అన్న మాట అన్నిటినీ మూసేసింది.

ఇంకొకటి. ఆస్తులు అమ్మగా వచ్చిన డబ్బు పంచేటప్పుడు, ముందు ఆ ప్రక్రియ ఖర్చులు పోతాయి. ఆ వెంటనే, తాకట్టు వదులుకున్న బ్యాంకులతో సమాన వరుసలో, కార్మికుల 24 నెలల బాకీ వస్తుంది. ప్రభుత్వానికి రావలసింది ఆ తరువాతి మాట. కార్మికుల పీఎఫ్, గ్రాట్యుటీ నిధులనైతే ఆ పంపకంలో కలపనే కూడదు. బ్యాంకు మేనేజరు తన వరుస ఎక్కడో తెలుసుకొనే వస్తాడు. మిల్లు కూలికి తెలియదు. ఆ తేడాను పూడ్చగలిగింది మీ నోటి మాటే.

ఇప్పుడు వాక్యంలోకి వద్దాం. ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయంలో ఒక ఆజ్ఞ ఉంది. అప్పిచ్చినవాడు తాకట్టు వస్తువు కోసం అప్పు తీసుకున్నవాని ఇంట్లోకి చొరబడకూడదు. బయట నిలబడాలి. ఆ మనిషే దాన్ని తెచ్చి ఇవ్వాలి. అప్పు తప్పక తీర్చవలసిందే, కాని గడప లోపల అతని గౌరవం అతనిదే. అదే అధ్యాయం తిరుగటి రాయిని తాకట్టు పట్టవద్దంటుంది. అది పోతే పిండి లేదు, పిండి లేకపోతే బ్రతుకు లేదు. మన సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షను కూడా ఇలాంటి గీతే గీసింది. కట్టుబట్టలు, వంట పాత్రలు, పరుపులు, చేతిపనివాని పనిముట్లు, రైతు విత్తనాలు జప్తు చేయకూడదు. ఆచారం ప్రకారం స్త్రీ ఒంటి మీద నుంచి తీయకూడని నగలనూ ముట్టకూడదు.

రెండవ రాజులు 4వ అధ్యాయంలో ఒక విధవరాలు ఎలీషా దగ్గరికి వచ్చింది. అప్పులవాడు ఆమె ఇద్దరు కొడుకులను దాసులుగా పట్టుకుపోవడానికి వచ్చాడు. ఎలీషా ఆమెను, ఎందుకు అప్పు చేశారని అడగలేదు. నేను నీకేమి చేయాలి, నీ ఇంట్లో ఏముంది అని రెండే ప్రశ్నలు అడిగాడు. అప్పుల్లో ఉన్న మనిషిని మొదట అడగవలసినవి ఈ రెండే. ఆ తరువాత ఆమె నూనె అమ్మి అప్పు తీర్చింది, మిగిలినదానితో పిల్లలతో బ్రతికింది. అప్పిచ్చినవానికి న్యాయం జరిగింది, ఆ ఇల్లూ నిలబడింది.

ఇక మీ పనికి సంబంధించి కొన్ని మాటలు.

మనిషి రాగానే కూర్చోబెట్టండి, పేరు అడగండి. ఏ భాషలో చెబితే అర్థమవుతుందో అడగండి. "మారటోరియం" అని ఊరుకోకుండా, "ఈ కేసు నడిచినంతకాలం కంపెనీ మీద వేరే కోర్టులో దావా సాగదు" అని చెప్పండి. మీరు చెప్పింది ఆయన తన మాటల్లో తిరిగి చెప్పేవరకు అర్థమైందనుకోకండి.

తెలియనిది తెలియదనండి. "అడిగి రేపు చెబుతాను" అనడం చిన్నతనం కాదు. తెలియకుండా "కుదరదు" అనడం వల్ల ఒకరి కూడు పోవచ్చు. అలాగే "మీ డబ్బు తప్పకుండా వస్తుంది" అని మాట ఇవ్వకండి. మీరు ఎవరి పక్షమూ కాదు, అందరి నమ్మకం మీ చేతుల్లో ఉంది. వ్యక్తుల దివాలాలో ఆ అధికారిని చట్టం "ట్రస్టీ" అన్నది అందుకే.

కాగితం తీసుకుంటే రసీదు ఇవ్వండి. ఈఎస్‌ఐ కార్డు, జీతం చీటీ, పీఎఫ్ పుస్తకం, ఏది ఉంటే అది తెమ్మని చీటీ మీద రాసివ్వండి.

ఎవరి అప్పు ఎంతో టీ కొట్టు దగ్గర మాట్లాడకండి. ఇది చిన్న ఊరు.

కోపంతో వచ్చినవారి కేకల వెనుక భయం ఉంటుంది. మొదట వినండి. ఎవరైనా "ఇక చావే గతి" అంటే దాన్ని మాటవరసకు అన్నట్టు తీసుకోవద్దు. వారిని ఒంటరిగా పంపకండి, ఇంటివారికి కబురు చేయండి, 14416 టెలీ మానస్ నంబరుకు మీరే కలిపి ఇవ్వండి. 2010లో మైక్రోఫైనాన్స్ వేధింపులకు ఆంధ్రప్రదేశ్‌లో ఎన్ని ఇళ్లు ఆరిపోయాయో మన జనం మరచిపోలేదు. అప్పు కంటే ముందు అవమానం మనిషిని చంపుతుంది.

తెలుగులో "ఐపీ పెట్టాడు" అంటాము, తమిళంలో "మంజ కడుదాసి" అంటారు. రెండింటిలోనూ ఎగతాళి ఉంది. కాని వ్యక్తులకు దివాలా రక్షణ అనేది హక్కు. 1920 నాటి పాత చట్టం కింద జిల్లా కోర్టులో అర్జీ పెట్టుకోవచ్చు. మన జిల్లా కోర్టు పక్కనే శ్రీవిల్లిపుత్తూరులో ఉంది. 2016 చట్టంలో పేదవారి కోసం "ఫ్రెష్ స్టార్ట్" అనే భాగం రాశారు. సొంత ఇల్లు లేని, ఏడాదికి 60,000 రూపాయలలోపు ఆదాయం, 20,000 లోపు ఆస్తి, 35,000 లోపు అప్పు ఉన్నవారికి ఆ అప్పు మాఫీ కోరే దారి అది. కాని వ్యక్తుల భాగాన్ని 2019 డిసెంబరు 1 నుంచి, కంపెనీ అప్పులకు పూచీ ఉన్నవారి వరకే అమలులోకి తెచ్చారు. పెద్ద అప్పుల దారి తెరిచారు, 35,000 రూపాయల అప్పు దారి మూసే ఉంది. సంఘాలు, యువజన సహవాసాలు కలిసి అడగవలసిన విషయం ఇది. నెహెమ్యా తన జనుల అప్పుల మొర విని పెద్దలను నిలదీశాడు, పొలాలూ ఇళ్లూ తిరిగి ఇప్పించాడు. ప్రార్థించినవాడే నిలదీశాడు.

యౌవనస్థులారా, ఈ ఆఫీసు ఉద్యోగాలు చిన్నవని అనుకోకండి. తెలుగు, తమిళం, ఇంగ్లీషు మూడూ వచ్చిన మీలాంటివారు అక్కడ కూర్చుంటే, ఆ పెద్దాయన వంటివారు ఉత్తచేతులతో వెనక్కి పోరు. మా సంఘంలో ఇప్పుడు ఆరాధన అయ్యాక ఇద్దరు యువకులు ఒక బల్ల వేసుకొని కూర్చుంటున్నారు. ఎవరు ఏ నోటీసు తెచ్చినా అదే రోజు చదివి చెబుతారు. "వచ్చేవారం చూద్దాం" అనే మాటను మేము మానేశాము.

మా అప్పులు క్షమించుమని ప్రతిదినం ప్రార్థించే జనం మనం. ఆ ప్రార్థన చేసిన నోటితో, రేపు ఉదయం ఫోను మోగినప్పుడు, ముందు అవతలివారి పేరు అడుగుదాం. ప్రభువు అట్టి కృప మనకందరికీ దయచేయును గాక. ఆమేన్.