బంతి కలిపిన మాట

(ప్రసంగ పాఠం)

సాయంకాలం ఢిల్లీ నుండి ఘాజియాబాద్ వైపు వచ్చే ప్యాసింజరు బండిలో కాలక్షేపానికి కొరత ఉండదు. ఒక మూల పేకముక్కలు పంచుతుంటారు. మరొక మూల తాళాలతో భజన సాగుతుంటుంది. తలుపు దగ్గర నిలబడినవారు మంత్రివర్గాలను నిలబెడుతూ, పడగొడుతూ ఉంటారు. వీరిలో ఏ ఒక్కరైనా నిన్నటి ఆట సంగతి ఎత్తితే చాలు, పేక చేతిలోనే ఆగిపోతుంది. మంత్రివర్గం ఆ పూటకు నిలిచిపోతుంది. ఫుట్‌బాల్ అభిమానుల పిచ్చాపాటీ మొదలవుతుంది. ఆ పిచ్చాపాటీయే ఈ ప్రసంగానికి విషయం. పండితసభలలో చర్చించదగిన అంశం కాదని కొందరికి తోచవచ్చును. కాని భిన్న భాషలవారు ఒకరినొకరు నిజంగా ఎరుగుట ఎక్కడ ప్రారంభమగుచున్నదో తెలుసుకొనగోరేవారు ఇటువంటి చోట్లనే వెదకవలసి ఉంటుంది.

ఘాజియాబాద్ పాత ఊరే. 1740లో వజీరు ఘాజీ ఉద్దీన్ స్థాపించిన ఈ పట్టణానికి మొదట ఘాజీఉద్దీన్‌నగర్ అని పేరు. రైలు వచ్చిన తరువాత పేరు కురుచయి నేటి రూపం దాల్చినది. దేశవిభజన అనంతరం పశ్చిమ పంజాబు నుండి వచ్చిన కుటుంబాలు ఇక్కడ స్థిరపడినవి. 1970వ దశకంలో భారత్ ఎలక్ట్రానిక్స్, సాహిబాబాద్‌లో సెంట్రల్ ఎలక్ట్రానిక్స్ వంటి ప్రభుత్వరంగ సంస్థలు వెలసి, దేశం నలుమూలల నుండి ఇంజనీర్లను, సాంకేతిక నిపుణులను రప్పించినవి. 1976 నవంబరు 14న ఘాజియాబాద్ ప్రత్యేక జిల్లా అయినది. మచిలీపట్నంలోని ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీ 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్‌లో చేరడంతో కృష్ణాతీరానికి, హిండన్ నది ఒడ్డుకు ఉద్యోగరీత్యా కూడ ఒక బంధుత్వం కుదిరినది.

ఇంత జనాభా గల నగరానికి దేశపు ప్రథమశ్రేణి లీగులో ఆడే ఫుట్‌బాల్ జట్టు లేదు. ఇది లోపమే, కాని పిచ్చాపాటీకి మాత్రం మేలే చేసినది. ఇక్కడ ఎవరూ ఆతిథేయులు కారు. అందరూ తమ తమ ఊళ్ళ జట్లను మనసులో మూటగట్టుకొని వచ్చినవారే. కలకత్తావారికి వారి పెద్ద క్లబ్బులు, కేరళీయులకు సంతోష్ ట్రోఫీ జ్ఞాపకాలు, పంజాబీలకు జలంధర్ జట్లు, హైదరాబాదీయులకు ఒకనాటి తమ పోలీసు జట్టు. వాదనలో తీర్పు చెప్పే స్థానికుడు లేనందున, వాదన ఎన్నటికీ తెగదు.

ఉత్తరాదిలో దక్షిణాదివారందరినీ ‘మద్రాసీ’ అని పిలిచే అలవాటు చాలాకాలం ఉండినది. పిలిచేవారికి అందులో ద్వేషం లేకపోవచ్చు. పిలిపించుకొన్నవారికి మాత్రం అది ముల్లువలె తగిలేది. తెలుగువారు, కన్నడిగులు, మలయాళీలు ఎన్నిమార్లు సవరించినా ఆ మాట చావలేదు. అయితే ఫుట్‌బాల్ సంభాషణలో ఆ మాటకు పని లేకుండ పోయినది. ఎందుకనగా ‘మద్రాసీ’ అని ఎగతాళి చేస్తే ఆట గురించి ఏమీ చెప్పినట్లు కాదు. ఎదుటివానిని సరిగా ఏడిపించవలెనంటే అతనిది ఏ ఊరో, ఆ ఊరి జట్టు ఏ సంవత్సరం ఎవరి చేతిలో ఓడినదో తెలిసి ఉండాలి. ఉపన్యాసాలు నేర్పలేని భూగోళాన్ని వేళాకోళం నేర్పినది.

డ్యూరాండ్ పోటీల ఉదాహరణ ఇక్కడ చెప్పుకోదగినది. 1888లో సిమ్లాలో ఆరంభమైన ఈ పోటీలు 1940లో ఢిల్లీకి తరలినవి. ఆ ఏటనే మహమ్మడన్ స్పోర్టింగ్ జట్టు బ్రిటిషు సైనిక జట్టును ఓడించి, ఈ కప్పును గెలుచుకొన్న ప్రథమ భారతీయ జట్టుగా నిలిచినది. తరువాతి దశాబ్దాలలో డ్యూరాండ్ అంటే ఢిల్లీ పరిసరాలలోని పరరాష్ట్ర ఉద్యోగులకు ఒక పండుగ. ఇంటివద్ద నుండి జట్టు వస్తున్నదంటే బంధువు వస్తున్నట్లే. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950లో మోహన్ బగాన్‌ను ఓడించి ఈ కప్పు గెలిచినది. 1954లో మళ్ళీ గెలిచినది. 1956 ఫైనల్‌లో ఈస్ట్ బెంగాల్ చేతిలో ఓడి, 1957 ఫైనల్‌లో అదే ఈస్ట్ బెంగాల్‌ను ఓడించినది. 1961లో ఆంధ్రప్రదేశ్ పోలీసు జట్టుగా మోహన్ బగాన్‌పై గెలిచినది. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పునయితే 1950 నుండి 1954 వరకు వరుసగా 5 మార్లు మరెవ్వరికీ దక్కనీయలేదు.

అటువంటి పూర్వరంగం ఉన్నచోట మాటలు ఎట్లా సాగుతాయో ఊహించడం కష్టం కాదు.

“దాదా, యాభై ఆరులో మీరు మా పోలీసులను ఓడించినమాట నిజమే. యాభై ఏడులో ఏమైనదో కూడ సెలవియ్యండి” అని హైదరాబాద్ ఉద్యోగి అడుగుతాడు.

“ఏముంది భాయీ, అందరూ పోలీసులే కదా! బంతిని అరెస్టు చేసి తీసుకుపోయారు” అని కలకత్తా పెద్దమనిషి జవాబు.

“మరి మా బలరాంను మీరు పట్టుకుపోలేదా?”

“బలరాం మీవాడెప్పుడయ్యాడు? ఆయన మావాడు!”

ఈ చివరి తగవు మిక్కిలి ఆసక్తికరమైనది. సికింద్రాబాద్ సమీపంలోని అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌లో చేరి, 1961లో ఆ జట్టుకు నాయకుడయ్యారు. 1960 రోమ్ ఒలింపిక్ క్రీడలలో హంగేరీపై, పెరూపై గోలులు చేశారు. ఆట విరమించిన తరువాత కూడ బెంగాల్‌లోనే నివసించి 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలో కన్నుమూశారు. ఆయన మావాడంటే మావాడని రెండు భాషలవారు పోట్లాడుకొనడం కంటె ఒక ఆటగానికి దక్కదగిన గౌరవం వేరే ఏముంటుంది? ఈ పోట్లాట బండి ఘాజియాబాద్ చేరే వరకు తేలదు. మరునాటికి మిగిలే ఉంటుంది.

బలరాంను తీర్చిదిద్దిన గురువు సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాద్‌లో ఉపాధ్యాయ వృత్తి నుండి వచ్చిన ఈయన సిటీ పోలీసు జట్టుకు, అటుపై భారతజట్టుకు శిక్షకుడయ్యారు. ఆయన శిక్షణలో భారతజట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలలో ఆస్ట్రేలియాను 4-2 గోలులతో ఓడించి సెమీఫైనల్ చేరి, నాలుగవ స్థానం పొందినది. అంతకంటె ముఖ్యమైనది 1962 జకార్తా ఆసియా క్రీడల ఉదంతం. ఆటలో రాజకీయం ఎందుకని అనేవారు ఈ ఉదంతాన్ని తప్పక వినాలి.

ఆ క్రీడలకు ఇజ్రాయెల్‌ను, తైవాన్‌ను ఇండోనేషియా రానీయలేదు. ఆసియా క్రీడల స్థాపకులలో ఒకరైన భారతీయ ప్రతినిధి గురుదత్ సోంధీ దీనికి అభ్యంతరం తెలిపారు. దానితో జకార్తాలో భారతవ్యతిరేక ప్రదర్శనలు చెలరేగినవి. భారత రాయబార కార్యాలయంపై దాడి జరిగినది. మరునాడు, సెప్టెంబరు 4న, దక్షిణ కొరియాతో ఫుట్‌బాల్ ఫైనల్. కిక్కిరిసిన స్టేడియం భారతజట్టును అడుగడుగునా గేలిచేసినది. తలకు తగిలిన గాయానికి కుట్లు పడిన వెనుకవరుస ఆటగాడు జర్నైల్ సింగ్‌ను రహీం ముందువరుసకు పంపారు. మొదటి ఇరవై నిమిషాలలోనే పి.కె. బెనర్జీ, జర్నైల్ చెరొక గోలు చేశారు. హైదరాబాద్‌లో పుట్టి మద్రాసు రెజిమెంటులో ఆటగాడైన పీటర్ తంగరాజ్ గోలు కాచారు. భారతదేశం 2-1తో స్వర్ణపతకం గెలుచుకొన్నది. అంత పెద్ద జనసమూహంలో భారతజట్టుకు జేజేలు పలికినవారు పాకిస్తాన్ హాకీ ఆటగాళ్ళు. హాకీ ఫైనల్‌లో భారతజట్టును ఓడించిన జట్టు అదే! ఆ విజయం పొందిన మరుసటి ఏడు, 1963 జూన్‌లో, రహీం క్యాన్సర్ వ్యాధితో మరణించారు. నేటి వరకు భారత పురుషుల జట్టు ఆసియా క్రీడలలో ఫుట్‌బాల్ స్వర్ణం మళ్ళీ గెలవలేదు.

సంగీతం కూడ ఈ కబుర్లలోకి తనంత తానే వచ్చి చేరుతుంది. సంగీత దర్శకుడు సచిన్ దేవ్ బర్మన్ ఈస్ట్ బెంగాల్‌కు వీరాభిమాని. 1971లో విడుదలైన ‘ధన్యి మేయే’ అనే బెంగాలీ హాస్యచిత్రం ఫుట్‌బాల్ పిచ్చిని గురించినది. అందులో మన్నాడే పాడిన ఫుట్‌బాల్ పాట తెలియని బెంగాలీ ఉండడు. అదే మన్నాడే తొమ్మిదేళ్ళకు ఫుట్‌బాల్ మీద మరొక పాట పాడవలసి వచ్చినది. దానికి కారణం నవ్వు కాదు.

1980 ఆగస్టు 16న కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ జట్ల మధ్య ఆట జరుగుతున్నది. మైదానంలో ఆటగాళ్ళ మధ్య చెలరేగిన ఘర్షణ ప్రేక్షకుల వరుసలకు పాకినది. ఇరుపక్షాల అభిమానులు కొట్టుకొన్నారు. తొక్కిసలాటలో 16 మంది ప్రాణాలు కోల్పోయారు. వారు సైనికులు కారు, రాజకీయ కార్యకర్తలు కారు; ఆట చూడవచ్చినవారు. గెలిచిన సాయంకాలం ఒక పక్షంవారు పులస చేప, మరొక పక్షంవారు రొయ్యలు కొనితెచ్చుకొనే వేడుకకు, ఆ శవాలకు మధ్య దూరం ఎంత? చాల తక్కువ అనే చెప్పాలి. ఓడిన జట్టును గురించి అన్నమాట ఆట ముగిసేసరికి ముగుస్తుంది. ఎదుటివాడు ఎక్కడ నుండి వలస వచ్చాడో, ఏ కులంలో, ఏ మతంలో పుట్టాడో ఎత్తిపొడిచే మాట ఆటతో ముగియదు. పిచ్చాపాటీలో ఆరితేరినవారికి ఈ గీత ఎక్కడున్నదో తెలుసు. కొత్తగా చేరిన కుర్రవాడు గీత దాటినప్పుడు పెద్దవాడొకడు సంభాషణను చప్పున టీ ధర మీదికో, బండి ఆలస్యం మీదికో మళ్ళిస్తాడు. ఎవరూ ఎవరినీ మందలించరు. కాని అందరికీ అర్థమవుతుంది.

బెంగాల్‌లో ఆగస్టు 16ను ఫుట్‌బాల్ ప్రేమికుల దినంగా పాటిస్తూ, ఆ రోజున రక్తదాన శిబిరాలు జరుపుతున్నారు. 2024లో ఆ దినం గడిచిన రెండురోజులకు, ఆగస్టు 18న, అవే రెండు జట్ల మధ్య డ్యూరాండ్ ఆట జరగవలసి ఉండెను. ఈ పోటీలు 2019లోనే ఢిల్లీ వదలి కలకత్తా చేరినవి. ఒక యువ వైద్యురాలి దారుణహత్యతో నగరం ఉడికిపోతున్న ఆ రోజులలో, భద్రతా కారణాలతో ఆటను రద్దుచేశారు. ఆట లేకపోయినను అభిమానులు స్టేడియం వద్దకు వచ్చారు. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మడన్ స్పోర్టింగ్ జెండాలు ఒకేచోట ఎగిరినవి. ఒక జట్టు అభిమాని ఇంకొక జట్టు అభిమాని భుజాల మీద ఎక్కి న్యాయం కావాలని నినదించాడు.

ఇప్పటి ఘాజియాబాద్ యువకుని మాటలలో ఈ పేర్లు తగ్గి, యూరప్ క్లబ్బుల పేర్లు పెరిగినవి. 1986లో దూరదర్శన్ ప్రపంచకప్ పోటీలను ఇంటింటికి తెచ్చి, మారడోనాను అందరి చుట్టంగా చేసినది. నేడు అర్ధరాత్రి దాటిన తరువాత లివర్‌పూల్, బార్సిలోనా ఆటలు చూచి, మరునాడు ఎర్రబడిన కన్నులతో వాదించేవారు ఎందరో. తప్పేమీ లేదు. కాని చూడకుండ వాదించడానికి, స్వదేశపు ఆటకు వెళ్ళకుండ దానిని నిందించడానికి అలవాటుపడిన అభిమానం బలహీనమైన అభిమానం. 2018 జూన్ 1న ముంబయిలో భారతజట్టు చైనీస్ తైపీని 5-0తో ఓడించిన ఆటకు వచ్చినవారు కొద్ది వేలమంది మాత్రమే. మరునాడు నాయకుడు సునీల్ ఛెత్రీ అభిమానులకు ఒక విన్నపం చేశారు: తిట్టదలచినా, విమర్శించదలచినా స్టేడియానికి వచ్చి ఆ పని చేయండని. రెండురోజుల తరువాత కెన్యాతో జరిగిన ఆటకు టిక్కెట్లన్నీ అమ్ముడుపోయినవి. ఈ ఛెత్రీ కూడ సికింద్రాబాద్‌లో పుట్టి, ఢిల్లీలో క్లబ్బు ఆట ఆరంభించినవారే. ఆయన ఎవరివాడో తేల్చడం ఇంకొక ప్రయాణానికి సరిపడే పని.

ఢిల్లీ మైదానాలు ఘాజియాబాద్‌కు ఒకప్పటివలె దూరం కావు. 2019 మార్చి నుండి మెట్రో ఘాజియాబాద్ షహీద్ స్థల్ వరకు వచ్చినది. కాశ్మీరీ గేట్ వద్ద ఒక్కమారు బండి మారితే ఢిల్లీ గేట్ దగ్గరి అంబేడ్కర్ స్టేడియానికి, అదే బండిలో ఇంకాస్త ముందుకు పోతే జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియానికి చేరవచ్చును. 2017 అక్టోబరు 9న కొలంబియాపై మణిపురి బాలుడు జీక్సన్ సింగ్, ప్రపంచకప్ పోటీలలో భారతదేశపు తొలి గోలు చేసినది ఆ నెహ్రూ స్టేడియంలోనే.

క్లబ్బులే ప్రయాణం చేస్తున్న కాలమిది. ఢిల్లీ డైనమోస్ 2019లో భువనేశ్వర్ తరలి ఒడిశా జట్టు అయినది. పుణే జట్టు మూతపడగా అదే ఏడు హైదరాబాద్ ఎఫ్‌సీ ఏర్పడినది. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను ఓడించి లీగు విజేతగా నిలిచినది. మూడేళ్ళు తిరిగేసరికి ఆర్థికపు చిక్కులలో పడి, 2025లో అది కూడ హైదరాబాద్‌ను వదలి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అనే కొత్త పేరు పెట్టుకొన్నది. రహీం ఊరికి అగ్రశ్రేణి జట్టు లేకుండపోయినది. ఘాజియాబాద్‌లోని హైదరాబాదీయునికి ఇది ఓటమికంటె కష్టమైన సంగతి. ఓడిన జట్టు మళ్ళీ గెలవవచ్చును, వెళ్ళిపోయిన జట్టుతో ఏమి చేయాలి?

మెట్రోలో పక్కన కూర్చున్న ఢిల్లీ కుర్రవానికి ఇది నవ్వులాట. “అన్నా, మీ జట్టు మా ఊరికి వచ్చేసినది కదా, ఇక మీరు కూడ మావైపే” అంటాడు. హైదరాబాదీయుడు కాసేపు మాట్లాడడు. కాశ్మీరీ గేట్ వచ్చిన తరువాత, దిగుతూ, “ముందు యాభై ఏడు సంగతి తెలుసుకొని రా తమ్ముడూ, తరువాత మాట్లాడదాం” అంటాడు. కుర్రవాడు కూడ అక్కడే దిగి, ఏమిటా సంగతి అని అడుగుతూ వెంట నడుస్తాడు.