చిన్న కారు, పొట్టి స్ప్రింగులు



బళ్ళారిలో కేఏ 34, హోసూరులో టీఎన్ 70, రాయగడలో ఓడీ 18, సిరోంచ వైపు ఎంహెచ్ 33, యానాంలో పీవై 04. నంబరు పలక మీది అక్షరాలు వేరైనా, ఆ పలకల వెనక ఉన్న చిన్న కార్లు చాలావరకు ఒకటే. స్విఫ్టు, ఐ10, ఆల్టో వంటివి. అలాంటి కారు ఉన్న ఇంట్లో ఒక కుర్రవాడు ఉంటే, ఏదో ఒకరోజు అతనికి ఒక కోరిక పుడుతుంది. కారును కాస్త కిందికి దించాలి, చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య కనిపించే ఖాళీని తగ్గించాలి అని. ఇందుకోసం కంపెనీ స్ప్రింగులు తీసి, వాటికన్నా పొట్టివి వేస్తారు. వీటినే లోయరింగ్ స్ప్రింగులు అంటారు. ఈ పని చేయించే ముందు ఏం ఆలోచించాలి, ఇంటి ముందే చేసుకోదలిస్తే ఎక్కడ ప్రమాదం పొంచి ఉంది అన్నది ఈనాటి ప్రసంగ విషయం.

ముందుగా స్ప్రింగు చేసే పని చూద్దాం. కారు బరువంతా నాలుగు స్ప్రింగుల మీద నిలబడి ఉంటుంది. చిన్న కారులో ఇంజను ముందు ఉంటుంది కాబట్టి ముందు చక్రాల మీద బరువు ఎక్కువ. ఒక్కొక్క ముందు చక్రం మోసేది 250 కిలోలకు పైమాటే. గుంత వచ్చినప్పుడు స్ప్రింగు అణిగి, మళ్ళీ లేస్తుంది. దాన్ని అలాగే వదిలేస్తే ఎగురుతూనే ఉంటుంది. ఆ ఊపును ఆపేది షాకబ్జర్. కంపెనీవాళ్ళు స్ప్రింగునూ షాకబ్జర్‌నూ జోడెద్దుల్లాగా ఒకదానికొకటి సరిపడేటట్టు చూసి కడతారు.

పొట్టి స్ప్రింగు వేస్తే చక్రం పైకి కదలడానికి ఉన్న చోటు తగ్గిపోతుంది. ఆ తక్కువ చోటులోనే ఆగాలి కాబట్టి ఈ స్ప్రింగులను మరింత గట్టిగా తయారు చేస్తారు. ఫలితంగా మలుపుల్లో బండి పక్కకు వాలడం తగ్గుతుంది. బరువు కేంద్రం కొంచెం కిందికి వస్తుంది. ఇవి నిజమైన లాభాలే, కాదనలేము. అయితే, గట్టి స్ప్రింగు విదిలింపును పాత షాకబ్జర్ సరిగా పట్టి ఆపలేకపోతే బండి రోడ్డు మీద ఎగిరెగిరి పడుతుంది. ఆ షాకబ్జర్ కూడా త్వరగా అరిగిపోతుంది. అందుకే తెలిసిన మెకానిక్కులు స్ప్రింగులు మార్చినప్పుడు వాటికి తగిన షాకబ్జర్లు కూడా వేయమంటారు. ఖర్చు అక్కడే రెట్టింపవుతుంది.

ఇప్పుడు ఒక చిన్న లెక్క వేద్దాం. 2018లో వచ్చిన స్విఫ్టుకు నేల నుంచి ఎత్తు 163 మిల్లీమీటర్లని కంపెనీ లెక్క. అంటే 16 సెంటీమీటర్ల పైన. మూడున్నర సెంటీమీటర్లు దించే స్ప్రింగులు వేశారనుకోండి. 13 సెంటీమీటర్లకు లోపే మిగులుతుంది. అది ఖాళీ బండి మాట. ఇంటిల్లిపాదీ ఎక్కి, డిక్కీలో సామాను పెట్టుకుని పెళ్ళికి బయలుదేరితే ఇంకో మూడు నాలుగు సెంటీమీటర్లు అణుగుతుంది. చివరికి మిగిలేది ఇంచుమించు 9 సెంటీమీటర్లు.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన కొలతల ప్రకారం వేసిన స్పీడు బ్రేకరు 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉంటుంది. పది మీద తొమ్మిది ఎలా దాటుతుందని మీకు అనుమానం రావచ్చు. దాటుతుంది. ఎందుకంటే అంత వెడల్పైన గుబ్బ మీద ముందు చక్రాలు, వెనక చక్రాలు రెండూ ఎక్కి ఉంటాయి. కారు పొట్ట కింద చక్రాల మట్టం కన్నా పైకి లేచేది నాలుగున్నర సెంటీమీటర్లకు మించదు. చిక్కంతా మన ఊళ్ళ మొదట్లో ఎవరికి తోచినట్టు వారు వేసిన గట్లతో. అడుగు, అడుగున్నర వెడల్పు, 10 సెంటీమీటర్లో ఇంకా పైనో ఎత్తు. ఇక్కడ చక్రాలు రెండు పక్కలా పల్లంలో ఉంటాయి, గట్టు మొత్తం పొట్ట కిందికి వస్తుంది. తగిలేది ఇంజను ఆయిలు చాంబరుకో, సైలెన్సరు గొట్టానికో. చాంబరు పగిలి ఆయిలు కారిపోయినా గమనించకుండా నడిపితే ఇంజనే పోతుంది. కాబట్టి మీరు రోజూ తిరిగే దారిలో ఎన్ని గట్లున్నాయో, ఎలాంటివో ఒకసారి దిగి చూసిరండి. స్ప్రింగుల ధర అడగడం ఆ తరువాత.

రెండవది చట్టం. రాష్ట్రం ఏదైనా మోటారు వాహనాల చట్టం దేశమంతటికీ ఒకటే. 1988 నాటి ఆ చట్టంలో 52వ సెక్షను ఉంది. రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు, తయారీదారు మొదట నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా యజమాని బండిని మార్చకూడదని అది చెబుతుంది. తయారీదారు నిర్దేశాలకు విరుద్ధంగా మార్పులు కుదరవని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా తీర్పు చెప్పింది. అదే సంవత్సరం చట్టాన్ని సవరించి, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు గానీ, ఒక్కొక్క మార్పుకు 5000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ అని చేర్చారు. ప్రమాదం జరిగినప్పుడు బీమా కంపెనీ సర్వేయరు ఈ మార్పు చూస్తే పరిహారం దగ్గర పేచీ రావచ్చు. అందుచేత డబ్బు కట్టకముందే మీ ఆర్.టి.ఓ. కార్యాలయంలోనూ, బీమా కంపెనీలోనూ అడగండి. జవాబు కాగితం మీద తీసుకోండి. అనుమతి లేదంటే ఆ ఆలోచన అక్కడితో మానుకోవడమే మంచిది.

మూడవ మాట ఇంకా ముఖ్యం. కొందరు కొత్తవి కొనకుండా పాత స్ప్రింగునే ఒక చుట్టు కోయించేస్తారు. ఆరు చుట్లు పనిచేసే స్ప్రింగులో ఒకటి కోస్తే మిగిలినవి అయిదు. దాని గట్టితనం అయిదో వంతు పెరుగుతుంది. మంటతో కోస్తే ఆ వేడికి ఉక్కు పదును పోతుంది, అక్కడే విరగవచ్చు. పైగా, గుంతలో చక్రం కిందికి జారినప్పుడు పొట్టిదైన స్ప్రింగు తన గూట్లో వదులై పక్కకు తప్పుకోవచ్చు. నిండుగా మనుషులున్న బండిలో ఇది జరిగితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. కోసిన స్ప్రింగు వద్దే వద్దు.

ఇక పని విషయం. అనుమతి ఉన్నవాళ్ళకే కాదు, ఏళ్ళ తరబడి బరువు మోసి కుంగిపోయిన స్ప్రింగుల స్థానంలో కంపెనీవే కొత్తవి వేసుకునేవాళ్ళకు కూడా పద్ధతి ఇదే. ఆ పనికి ఏ చట్టమూ అడ్డు రాదు.

చదునైన గట్టి నేల కావాలి. బండిలో ఇచ్చిన జాకీ టైరు మార్చడానికే. దాని మీద బండిని నిలిపి కిందికి దూరకూడదు. ఇటుకలు పేర్చడం ఇంకా ప్రమాదం, అవి చెప్పకుండా పగులుతాయి. బరువుకు తగిన ఇనుప స్టాండ్లు రెండు తెచ్చుకోండి. నేల మీద మిగిలిన చక్రాలకు ముందూ వెనకా అడ్డు పెట్టండి. చక్రం నట్లను బండి నేల మీద ఉండగానే కొంచెం వదులు చేసి, తరువాత ఎత్తండి.

వెనక పని సులువు. చాలా చిన్న కార్లలో వెనక స్ప్రింగు వేరుగా, షాకబ్జర్ వేరుగా ఉంటాయి. రెండు చక్రాలను కలిపే అడ్డ దూలం కింద జాకీ ఆనించి, రెండు షాకబ్జర్ల కింది బోల్టులు తీసి, జాకీని నెమ్మదిగా దించితే స్ప్రింగు చేతికి వస్తుంది. బ్రేకు గొట్టమూ, హ్యాండు బ్రేకు తీగా సాగకుండా చూసుకోవాలి. పైన, కింద ఉండే రబ్బరు దిండ్లు పోగొట్టకండి. కొత్త స్ప్రింగు కొస గూట్లో తన చోట సరిగ్గా కూర్చోవాలి.

ముందు పని అలా కాదు. ముందు స్ప్రింగు, షాకబ్జర్ కలిసి ఒకే స్తంభంలా ఉంటాయి. దీన్ని రూపొందించిన ఇంజనీరు పేరు మీదుగా మెక్‌ఫర్సన్ స్ట్రట్ అంటారు. బ్రేకు గొట్టం క్లిప్పు, ఏబీఎస్ తీగ, పక్కనున్న లింకు కడ్డీ విప్పి, కింద రెండు పెద్ద బోల్టులు తీయాలి. చక్రం భాగం బ్రేకు గొట్టం మీద వేలాడకుండా తాడుతో కట్టాలి. తరువాత బోనెట్ కింద పైకొస విప్పాలి. ఇక్కడ ఆగండి. చాలా కార్లలో పైన చిన్న నట్లు రెండు మూడు, వాటి మధ్య ఒక పెద్ద నట్టు ఉంటాయి. విప్పవలసినవి చిన్నవి. మధ్య నట్టు స్ప్రింగును అణచి పట్టుకున్న తాళం. స్ప్రింగు బిగింపులో ఉండగా దాన్ని విప్పితే, అణిగి ఉన్న శక్తి అంతా ఒక్కసారి బయటికి వస్తుంది. ఎదురుగా ముఖం ఉంటే ముఖం, చెయ్యి ఉంటే చెయ్యి. మనుషులు చనిపోయే పని ఇది. అన్ని కార్ల అమరికా ఒకటి కాదు కనుక, మీ మోడలు వర్క్‌షాపు పుస్తకం చూడకుండా ఏ నట్టూ ముట్టుకోవద్దు.

స్ప్రింగును అణచడానికి స్ప్రింగు కంప్రెసర్ అనే పనిముట్టు ఉంది. తాళ్ళు, గొలుసులు, తీగలు దానికి బదులు కావు. నా సలహా ఏమిటంటే, బయటికి తీసిన స్తంభాన్ని గోడకు బిగించిన కంప్రెసర్ ఉన్న షెడ్డుకు తీసుకెళ్ళండి. కూలి ఇచ్చి స్ప్రింగు మార్పించుకుని రండి. మిగతా పనంతా ఇంట్లో మీరు చేసుకున్నట్టే.

బిగించేటప్పుడు రెండు విషయాలు గుర్తుంచుకోండి. రబ్బరు బుష్షులున్న బోల్టులను వదులు చేసి ఉంటే, బండి బరువు చక్రాల మీదికి వచ్చాకే వాటిని పూర్తిగా బిగించాలి. గాలిలో ఉండగా బిగిస్తే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది. ఒకసారి వాడిన లాకు నట్లను మళ్ళీ వాడకండి, కొత్తవి వేయండి. ఎంత బిగించాలన్నది పుస్తకంలో చూసి, టార్కు రెంచితో బిగించండి.

పని అయ్యాక నెమ్మదిగా నడిపి శబ్దాలు వినండి. 50, 100 కిలోమీటర్లు తిరిగాక చక్రం నట్లు మళ్ళీ సరిచూడండి. ఎత్తు మారితే చక్రాల వాలు, దిశ మారతాయి. వీల్ ఎలైన్‌మెంటు చేయించకపోతే టైర్లు ఒక అంచునే అరిగిపోతాయి. హెడ్‌లైట్ల చూపు కూడా సరిచేయించాలి.

అమ్మలూ, నాన్నలూ, మీకొక మనవి. మీ అబ్బాయి ఈ పని చేస్తానంటే వెంటనే కసరకండి. పనిముట్లు పట్టడం నేర్చుకోవడం మంచి విద్యే. జాకీ ఎక్కడ, స్టాండు ఎక్కడ, ఆ మధ్య నట్టు సంగతి ఏమిటి అని అతన్ని అడగండి. జవాబు తడుముకోకుండా వస్తే పక్కన నిలబడి సాయం చేయండి. తడుముకుంటే ఆనాటికి పానాలు పెట్టెలో పెట్టించండి.