చెరనుండి మరలివచ్చిన పడుచు



యుద్ధములలో గెలిచినవారి పేరులు చరిత్రలో నిలుచును. చెరబడి తిరిగివచ్చినవారిని, అందును స్త్రీలను, లోకము త్వరలోనే మరచును. అట్లు మరుగుపడిన చీనా పడుచుల కథ నేడు మనవి చేసెదను.

1930 దాటిన పిదప చీనాదేశమున కువోమింటాంగు ప్రభుత్వమునకును సామ్యవాదులకును అంతర్యుద్ధము సాగుచుండెను. సామ్యవాదుల ఎర్రసేన సెచ్వాన్ మండలమున ఒక స్త్రీదళమును కూర్చెను. అందు పెక్కురు నిరుపేద రైతుల బిడ్డలు. పసితనముననే అత్తవారింటికి అమ్ముడుపోయి చాకిరి చేసినవారును కలరు. వీరు జుట్టు కత్తిరించుకొని ధాన్యపు మూటలు మోసిరి, గాయపడినవారిని మోసిరి, తుపాకి పట్టి పోరాడిరి.

1936 అక్టోబరులో ఇరువదివేలకు మించిన ఎర్రసేన పసుపునదిని దాటి పడమరకు సాగెను. అందు స్త్రీదళమువారు రమారమి 1,300 మంది. వారి నాయకురాలు వాంగ్ చ్యువాన్‌యువాన్, ఇరువదిమూడేండ్ల పడుచు. గాన్సు మండలమున, ప్రభుత్వపక్షము వహించిన స్థానిక సేనానుల అశ్వికదళములు వారిని చుట్టుముట్టెను. చలి మిక్కుటము, తిండి లేదు, గుండ్లు లేవు. 1937 మార్చి నాటికి ఆ సేన చిన్నాభిన్నమయ్యెను. చిక్కిన పడుచులలో పలువురిని ఆ సేనానులు తమవారికి పంచియిచ్చిరి. వాంగును ఒక అధికారికి అప్పగించిరి.

1939లో ఆమె తప్పించుకొని లాన్‌జౌ నగరమున తన పక్షమువారి కార్యాలయము చేరెను. చెరలో అంతకాలమున్నవారిని చేర్చుకొనుటకు నియమము లేదని వారు పలికి, ఐదు వెండినాణెములు చేతబెట్టి పంపివేసిరి. ఆమె బిచ్చమెత్తుకొనుచు వందల క్రోసులు నడిచి జ్యాంగ్సీ మండలములోని స్వస్థలము చేరెను. ఆమెను ఎర్రసేన యోధురాలిగా మరల గుర్తించినది 1989లో! అప్పటికామెకు డెబ్బదియారేండ్లు. 2009లో గతించెను.

అయ్యలారా, మనము రామాయణము చదువుదుము. లంకనుండి వచ్చిన సీతకు అగ్నియే సాక్ష్యమిచ్చెను; అయినను అయోధ్యలో నిందలు మానలేదు. తుదకు ఆ తల్లికి నీడనిచ్చినది వాల్మీకి పర్ణశాల. ఆ ఘట్టము చదివి కన్నీరు పెట్టుదుము, కాని ఆపదనుండి బయటపడిన ఆడపడుచు మన గడప త్రొక్కినప్పుడు “ఇన్నాళ్లు ఎక్కడ నుంటివి?” యని ముందడుగుదుము. “అమ్మా, అన్నము తింటివా?” యని ముందడుగవలెను. రచ్చబండపై పెద్దలు ఆ మాట యన్నచో ఊరెల్ల అనును.