ఇంటి గుట్టు - లోకధర్మము



“ఇంటి గుట్టు లంకకు చేటు” అను సామెతను మనము తఱచుగా వాడుచుందుము. ఇంటిలోని కలహము వీథిలో పడరాదనియు, ఊరిలోని తగవు పొరుగూరి చావడిలో వినబడరాదనియు దీని తాత్పర్యము. ఇది లోకానుభవమునుండి పుట్టిన మాటయే. కాని సామెతను వాడునప్పుడు దాని వెనుకనున్న కథనుగూడ స్మరింపవలెను. లంక చెడుటకు విభీషణుడు గుట్టు చెప్పుటయే కారణమా? లేక, దాచవలసిన యధర్మ మొకటి యా యింటిలో జరుగుచుండుట కారణమా? సీతను చెఱబెట్టుట తన యింటి వ్యవహారమని రావణుడు తలచెను. కాదని విభీషణుడు మొదట సభలోనే హితము చెప్పెను. అది చెవికెక్కకపోగా బయటికి వచ్చెను.

నేటి ప్రపంచ రాజనీతిలో నీ ప్రశ్నయే మిక్కిలి పెద్ద ప్రశ్న. ఒక రాజ్యము తన యేలుబడిలోని ప్రజలలో కొందఱిని హింసించుచున్నప్పుడు తక్కిన రాజ్యములు ప్రశ్నింపవచ్చునా? “ఇది మా యింటి వ్యవహారము, మీకేమి పని?” అని యా రాజ్యము తలుపు వేసికొనవచ్చునా? ఐక్యరాజ్యసమితి పుట్టిన మఱుసటి యేటనే యీ ప్రశ్నను దాని ముంగిటికి తెచ్చినది మన దేశము. ఆ కథతో మన తెలుగువారికిని సంబంధము కలదు. దానిని నేడు మీకు విన్నవింతును.

ఆఫ్రికా ఖండపు దక్షిణభాగమున నేటాలు అను సీమ కలదు. అచ్చటి తెల్లవారు చెఱకు తోటలు వేసి, పనివారు చాలక మన దేశమునుండి కూలీలను రప్పించుకొనిరి. 1860వ సంవత్సరము నవంబరు 16వ తేదీని ట్రూరో అను నోడ చెన్నపట్టణమునుండి తొలి జట్టును డర్బను రేవున దింపెను. 1911 వఱకు సుమారు 1,52,000 మంది యిట్లు సముద్రము దాటిరి. వీరిలో హెచ్చుభాగము చెన్నపురి రాజధానివారు. తమిళులతోపాటు విశాఖపట్టణము మొదలగు జిల్లాల తెలుగువారు ననేకులు. అయిదేండ్ల కరారు తీఱిన పిమ్మట నచ్చటనే నిలిచి, కూరగాయలు పండించియో చిల్లర వ్యాపారము చేసియో బ్రదుకదలచినవారిపై 1895లో తలకు ఏటేట 3 పౌనుల పన్ను విధింపబడెను. గాంధీమహాత్ముడు 1913లో నడపిన సత్యాగ్రహమున వేలకొలది కూలీలు పని మానిరి. 1914లో నా పన్ను రద్దయ్యెను.

పన్ను పోయినను పక్షపాతము పోలేదు. 1946 జూను మాసమున దక్షిణాఫ్రికా ప్రభుత్వ మొక క్రొత్త చట్టము చేసెను. దాని ప్రకారము భారతీయులు నేటాలులో కొన్ని హద్దులలోపల దప్ప, ఆసియావాసులు కానివారి భూమిని స్వేచ్ఛగా కొనరాదు, అందు నివసింపరాదు. పార్లమెంటునకు భారతీయులు తమ ప్రతినిధులుగా తెల్లవారినే యెన్నుకొనవలెను. తాత చెమటోడ్చి సాగుచేసిన సీమలో మనుమనికి నచ్చినచోట నిల్లు కట్టుకొను స్వేచ్ఛ లేకపోయెను. అంతట డర్బను నగరమున స్త్రీపురుషులు నిషిద్ధస్థలమున గుడారములు వేసి సత్యాగ్రహ మారంభించిరి. రెండేండ్ల కాలములో సుమారు 2,000 మంది చెఱసాలకు పోయిరి.

మన దేశమునకు నాటికింకను స్వాతంత్ర్యము రాలేదు. అయినను 1946 జూను 22వ తేదీని భారత ప్రభుత్వము ఐక్యరాజ్యసమితికి ఫిర్యాదు పంపెను. మాటతో నిలువక దక్షిణాఫ్రికాతో వ్యాపారమును నిలిపివేసెను. న్యూయార్కునకు వెళ్లిన ప్రతినిధివర్గమునకు శ్రీమతి విజయలక్ష్మీ పండిట్ నాయకురాలు. ఎదుటి పక్షమున దక్షిణాఫ్రికా ప్రధాని జనరల్ స్మట్సు నిలిచెను. ఒక చిత్రమును గమనింపుడు. 1945లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున సమితి శాసనపత్రము వ్రాయబడినప్పుడు, దాని పీఠికను కూర్చుటలో ప్రముఖుడు ఈ స్మట్సే. మానవుని మౌలికమైన హక్కులయందు విశ్వాసమును చాటు మాటలు ఆ పీఠికలోనే యున్నవి.

స్మట్సు వాదమిది: నేటాలులోని భారతీయులు మా రాజ్యపు ప్రజలు. వారిపై మేము చేయు చట్టములు మా యాంతరంగిక విషయములు. శాసనపత్రములోని రెండవ ప్రకరణము, ఏడవ పేరా ప్రకారము ఒక రాజ్యపు టాంతరంగిక విషయములలో సమితి జోక్యము చేసికొనరాదు. సందేహమున్నచో అంతర్జాతీయ న్యాయస్థానము నడుగుడు.

మనవారి సమాధానము రెండు విధములు. మొదటిది: ఈ ప్రజల స్థితిని గుఱించి 1927లోనే రెండు ప్రభుత్వములును కేప్‌టౌనులో నొడంబడిక చేసికొనినవి. ఇరువురు కూర్చుండి యొప్పుకొనిన సంగతి యొకరి యింటి గుట్టు ఎట్లగును? రెండవది: జాతిభేదము లేక మానవహక్కులను మన్నింతుమని సభ్యరాజ్యము లన్నియు శాసనపత్రములో ప్రతిజ్ఞ చేసినవి. మన యూరి వ్యవహారముతో పోల్చి చూడుడు. పదిమంది సాక్షులయెదుట పత్రము వ్రాసి సంతకము చేసినవాడు, గడువునాడు “ఇది నా యింటి సంగతి” యన్నచో ఏ పెద్దమనిషి యొప్పుకొనును?

1946 డిసెంబరు 8వ తేదీని వోట్లు లెక్కింపబడెను. భారతీయులయెడ ప్రవర్తనము ఒడంబడికలకును శాసనపత్రమునకును అనుగుణముగా నుండవలెనను తీర్మానమునకు అనుకూలముగా 32, ప్రతికూలముగా 15, తటస్థులు 7. బ్రిటను, అమెరికా సంయుక్తరాష్ట్రములు ప్రతికూలపక్షముననే యున్నవి. మూడింట రెండువంతుల బలము కావలసియుండెను; అనుకూలురలో నొక్కరు పక్షము మాఱియున్నను తీర్మానము వీగిపోయెడిది. ఇంకను స్వతంత్రము కాని దేశము, అంతటి బలవంతులు ఎదురునిలిచిన సభలో, ధర్మము పేర గెలుపొందెను.

గెలిచినంతమాత్రమున నేటాలులో నొక్క గడపయైనను మాఱలేదు. దక్షిణాఫ్రికా తీర్మానమును పాటింపలేదు. 1947లో నట్టి తీర్మానమునకే చాలినంత బలము లభింపలేదు. 1948లో జరిగిన యెన్నికలలో మలాను నాయకత్వమున నేషనల్ పార్టీ గెలిచి, జాతులను వేఱుచేసి యుంచు విధానమును, అనగా అపార్తీడును, రాజ్యధర్మముగా చేసెను. ఆ సంవత్సరమే డిసెంబరు 10వ తేదీని పారిస్ నగరమున సమితి 30 ప్రకరణములుగల మానవహక్కుల ప్రకటనము నంగీకరించెను. “పురుషులందఱు” అను నర్థము వచ్చుచున్న మాటను మార్పించి “మానవులందఱు” అని వ్రాయించిన కీర్తి మన దేశపు విదుషి హంసా మెహతాకు దక్కినది. ఆ ప్రకటనమునకు 48 రాజ్యములు వోటిచ్చెను. వ్యతిరేకించినది యొక్కటియు లేదు. తటస్థముగా నుండిన 8 రాజ్యములలో దక్షిణాఫ్రికా యొకటి.

తరువాతి కథ సుదీర్ఘమైనది. 1952లో 13 ఆసియా, ఆఫ్రికా రాజ్యములు కలిసి, భారతీయుల బాధయే కాక అచ్చటి నల్లవారి సర్వబాధను సమితి యెదుట పెట్టినవి. 1960 మార్చి 21వ తేదీని షార్ప్‌విల్ అను చోట పోలీసుల కాల్పులలో 69 మంది మరణించిరి. 1977లో భద్రతామండలి దక్షిణాఫ్రికాకు ఆయుధము లమ్మరాదని అన్ని రాజ్యములకు విధించెను. 27 సంవత్సరములు చెఱలోనుండిన నెల్సన్ మండేలా 1990లో విడుదలయ్యెను. 1994లో అన్ని జాతులవారును వోటువేసిన యెన్నికలలో గెలిచి రాష్ట్రపతి యయ్యెను. 1996 నాటి యా దేశపు రాజ్యాంగమున, ఆదరింపవలసిన భాషల పట్టికలో తెలుగు పేరు కలదు. వ్రేలిముద్ర వైచి యోడ నెక్కిన కూలీల భాషకు రాజ్యాంగమున నక్షరస్థానము లభించినది.

తొలి ఫిర్యాదునకును ఈ ఫలమునకును నడుమ 48 సంవత్సరములు గడచినవి. గెలిపించినది న్యూయార్కు సభ యని నేననను. ఆ దేశపు ప్రజలు తమ రక్తముతో గెలిచిరి. కాని అన్యాయము చేయువాడు పదిమందిలో గౌరవముగా కూర్చుండకుండ చేయుట సభ పని. బాధితునకు తన మొఱ వినువారు కలరను ధైర్యము నిచ్చుటయు దాని పనియే. దౌత్యమునకు గల బలమింతియే. ఇది యల్పము కాదు.

ఇచట నొక యాక్షేపము కలదు. బలవంతులైన రాజ్యములు ధర్మము పేర దుర్బలుల యిండ్లలో చొరబడుట చరిత్రలో లేదా? కలదు. కావుననే ఆంతరంగిక విషయముల రక్షణను శాసనపత్రము పెట్టినది; అది చిన్న రాజ్యములకు కంచె. కంచె వలసినదే. కాని యడుగుట వేఱు, చొరబడుట వేఱు. అడుగువాడు ఒంటిగా కత్తితో వచ్చెనా, పదిమంది యెదుట పత్రముతో వచ్చెనా? ఎదుటివాడు తానే యొప్పుకొనిన మాటను జ్ఞప్తి చేయుచున్నాడా? ధర్మము చెప్పుటవలన తనకు లాభమా, నష్టమా? మన దేశము తన వ్యాపారమును వదలుకొని యడిగెను. ఈ మూటిని విచారించినచో ధర్మ మేదియో, నెపమేదియో కొంతవఱకు తెలియును.

కడపట మన సంగతి. న్యూయార్కు సభలో మనవారు సమానత్వము కోరుచున్న 1946లోనే, మన యూళ్లలో ననేకచోట్ల కొందఱు తోడి తెలుగువారికి బావిలో చేద వేయుటకును, గుడి గడప దాటుటకును, ఊరి నడుమ నిల్లు కట్టుటకును హక్కు లేకుండెను. 1950 జనవరి 26న అమలునకు వచ్చిన మన రాజ్యాంగము 17వ ప్రకరణమున అస్పృశ్యతను రద్దుచేసెను. 1955లోను 1989లోను దానికి తోడుగా చట్టములు వచ్చినవి. చట్టము కాగితమున నున్నది. గ్రామమున దానిని నిలుపవలసినవారు పెద్దలు. ఎప్పుడైన నొక బాధితుడు ఠాణాకో కచ్చేరికో పోయినప్పుడు, “ఊరి పరువు తీసితివి, ఇది మన యూరి సంగతి, మనలో మనము చూచుకొందము” అని గద్దింపబోవు పెద్దలు ఒక్క క్షణమాగి విచారింతురుగాక. ఆ మాట స్మట్సు పలికిన మాటయే కదా!

ద్రౌపది సభలో ప్రశ్న వేసినప్పుడు, పెద్ద లనేకులు తల వంచుకొనిరి. ఆ మౌనము వంశమును కాపాడలేదు. గుట్టు కాపాడదలచిన గృహస్థు, దాచవలసిన యన్యాయము తన యింట లేకుండ చూచుకొనుట మొదటి పని. అది యూరికిని వర్తించును, రాజ్యమునకును వర్తించును.