కొల్లేరు కొలతల్లో బిందె ఎక్కడ?

కొల్లేరు మీద శాస్త్ర చర్చంతా ఒక గీత చుట్టూ తిరుగుతుంది: ప్లస్ 5 కాంటూరు. సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు దాకా ఉన్న 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. 2006లో ఆ గీత లోపలి చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. అది అవసరమే, నాకు సందేహం లేదు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే వరదకి చోటుండాలి కదా.

కానీ గీత లోపల ఊళ్లున్నాయి. ఒకప్పుడు బిందె ముంచుకుని తాగిన నీళ్లే అవి. పట్టణాల మురుగు, పొలాల మందులు, చెరువుల వ్యర్థాలు చేరాక మంచినీళ్లు బయటినుంచి తెచ్చుకోవాల్సి వచ్చింది. తెచ్చేదెవరు?

పరిశోధనకి వెళ్లిన మొదటిరోజు, నీళ్లు మోసుకొచ్చిన ఒకావిడని "ఇంటిపెద్ద పేరు?" అని అడిగాను. (డాక్టరేట్ చేసినదాన్ని, నాకే తోచలేదు!) ఆమె భర్తని పిలిచింది. నీటిగురించి ఆయన రెండు ముక్కల్లో ముగించాడు. ఏ నెలలో నీరు రంగు మారుతుందో, ఎప్పుడు పిల్లలకి దురదలొస్తాయో ఆమె గడపలో నిలబడి చెప్పింది. నా ప్రశ్నపత్రంలో దానికి గడి లేదు.

నీటిలో ఆక్సిజన్ కొలుస్తాం, ఆటపాకలో పెలికాన్ పక్షుల్ని లెక్కపెడతాం. ఏలూరు, తాడేపల్లిగూడెం నుంచి వచ్చిన మిత్రులు ఈసారి బిందెలు కూడా లెక్కపెట్టండి: ఎన్ని, ఎంత దూరం, ఎవరి నడుం మీద.