కింది పళ్లు ముందుకొస్తే సెలవుల దాకా ఆగవచ్చా?

దోహాలో మన తెలుగు ఇళ్లలో చిన్నపిల్లల పళ్ల మాటొస్తే ఎక్కువగా వినిపించేది పుచ్చుపళ్ల సంగతే. ఈరోజు నేను చెప్పబోయేది అంత తరచుగా కనిపించదు గానీ, ఆలస్యం చేస్తే పెద్ద ఇబ్బందే పెడుతుంది. అదేమిటంటే, బిడ్డ నోరు మూసినప్పుడు కింది పళ్లు పై పళ్లకన్నా ముందుకొచ్చి కూర్చోవడం.

మామూలుగా పై వరుస కింది వరుసను కొద్దిగా కప్పుతుంది, డబ్బా మీద మూతలాగ. రెండున్నర, మూడేళ్లకు పాలపళ్లు 20 వచ్చేస్తాయి. అప్పుడు ఇంట్లోనే చూడొచ్చు. వెనకపళ్లు ఆనేలా కొరకమని, పెదాలు తెరిచి చూడండి. ముందుపళ్లలో కింది వరుసే బయటికి ఉంటే పళ్ల డాక్టరుకి చూపించాల్సిందే. అమ్మమ్మలు, నాయనమ్మలు "పాలపళ్లే కదా, కొత్తవి వస్తే అవే సర్దుకుంటాయి" అంటారు. కొందరికి సర్దుకునే మాట నిజమే. మీ బిడ్డ ఆ కొందరిలో ఉందో లేదో అద్దంలో చూసి చెప్పలేం.

ఎందుకంటే ఇందులో రెండు రకాలున్నాయి. ఒకదాంట్లో దవడలు బాగానే ఉంటాయి. ముందుపళ్లు అంచుకు అంచు తగులుతుంటే, బిడ్డ కింది దవడను ముందుకు జరిపి నోరు మూస్తుంది. అదే అలవాటవుతుంది. డాక్టరు దవడను మెల్లగా వెనక్కి నడిపి చూస్తే ఇది తెలుస్తుంది. అడ్డొచ్చే పాలపన్నును కాస్త అరగదీయడమో, చిన్న ప్లేటు పెట్టడమో సరిపోవచ్చు.

రెండోది ఎముకకు సంబంధించింది. పై దవడ తక్కువ పెరగొచ్చు, కింది దవడ ఎక్కువ పెరగొచ్చు, రెండూ జరగొచ్చు. ఇది తరచు వంశంలో ఉంటుంది. స్పెయిన్ రాజు రెండవ చార్లెస్ (1661-1700) దవడ ఎంత ముందుకుండేదంటే, నమలడమే కష్టమయ్యేదని చెబుతారు. ఆయన తండ్రి పెళ్లాడింది సొంత చెల్లెలి కూతుర్ని. మనకు కొత్త సంగతేమీ కాదు లెండి! తాతగారికో మేనమామకో అలాంటి గడ్డం ఉంటే డాక్టరుకి తప్పక చెప్పండి.

పై దవడ వెనకబడినప్పుడు ఫేస్ మాస్క్ పెడతారు. నుదురుకీ గడ్డానికీ ఆనే చట్రం అది. రబ్బరు బ్యాండ్లతో పై దవడను ముందుకు లాగుతుంది. ముఖంలో ఎముకల అతుకులు ఇంకా గట్టిపడని వయసులో, అంటే సుమారు పదేళ్లలోపు, ఇది బాగా పనిచేస్తుంది. అందుకే ఏడేళ్లు నిండేలోగా పిల్లల్ని ఒకసారి క్లిప్పుల డాక్టరుకి చూపించమని అమెరికా ఆర్థోడాంటిస్టుల సంఘం చెబుతుంది. ఆ వయసు దాటి, దవడ తేడా ఎక్కువగా ఉంటే, ఎదుగుదల ఆగాక ఆపరేషనే దారి కావచ్చు.

ఇప్పుడు మన ఖతార్ సంగతికొద్దాం. "జూలైలో ఊరెళ్లినప్పుడు అక్కడే చేయిద్దాం, ఖర్చు తక్కువ" అనుకుంటాం. పన్ను తీయించడానికైతే సరే. ఫేస్ మాస్క్ మాత్రం రోజుకు 12-14 గంటల చొప్పున నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాకా పెట్టుకోవాలి. మధ్యమధ్య డాక్టరు చూస్తుండాలి. రెండు నెలల సెలవుల్లో మొదలుపెట్టి, విమానమెక్కి వచ్చేస్తే సగంలో ఆగిపోతుంది. బిడ్డ ఏ ఊళ్లో ఏడాది ఉంటుందో అక్కడే మొదలుపెట్టండి. ముందుగా హెల్త్ కార్డు మీద మీ ప్రాంతపు ప్రభుత్వ హెల్త్ సెంటర్లో పళ్ల డాక్టరుకి చూపించి, అక్కణ్ణుంచి ఎక్కడికి వెళ్లాలో అడగండి. కంపెనీ ఇన్సూరెన్సులు చాలావాటిలో క్లిప్పుల ఖర్చు రాదు, అదీ ముందే కనుక్కోండి.

స్కూలుకి పెట్టుకెళ్తే ఏడిపిస్తారని పిల్లలు భయపడతారు. సాయంత్రం నుంచి పొద్దున దాకా ఇంట్లో పెట్టుకున్నా చాలావరకు గంటలు నిండుతాయి.

ఇంకొక్క మాట. కింది దవడ పద్దెనిమిదేళ్ల వరకూ, మగపిల్లల్లో ఆ తరువాత కూడా పెరుగుతుంది. సర్దుకున్న పళ్లు మళ్లీ ముందుకు రావచ్చు. ఈలోగా మీకు ఉద్యోగం మారవచ్చు, దేశమే మారవచ్చు. ఎక్స్‌రేలు, పళ్ల అచ్చులు, ఫొటోలు అడిగి తీసుకుని, పాస్‌పోర్టులతో పాటు దాచుకోండి. కొత్త డాక్టరు మొదట అడిగేది అవే.