ఎర్ర రిపోర్టు మీకు వస్తే

కంపెనీ పికప్ నడిపేవారు ఈ మాట శ్రద్ధగా వినండి. దుబాయిలో యాక్సిడెంట్ అయితే పోలీసు రిపోర్టే ఆధారం. తప్పు చేసినవారికి ఎర్ర రిపోర్టు, అవతలివారికి ఆకుపచ్చది. తప్పు మీది కాదంటే పోలీసుకు అక్కడే చెప్పండి, ఫోటోలు చూపండి. అరబీలో ఏముందో తెలియకుండా సంతకం పెట్టవద్దు.

తర్వాత ఎవరైనా ఫోన్ చేసి "ఖర్చంతా నువ్వే కట్టు" అంటే భయపడి డబ్బివ్వకండి. ఎదుటి బండి నష్టం మీ బండి ఇన్సూరెన్స్ కంపెనీ కట్టాలి. అయితే ఇక్కడి లైసెన్సు లేకుండా గానీ, తాగి గానీ నడిపితే, కట్టిన సొమ్మును ఆ కంపెనీ మీ నుండే రాబట్టుకోవచ్చు. "పక్క క్యాంపు దాకే కదా, తీసుకుపో" అని ఫోర్‌మన్ అన్నా సరే, లైసెన్సు లేనిదే తాళంచెవి ముట్టుకోకండి. ఇలా ఇరుక్కునేవాళ్ళే ఎక్కువ.

కోర్టు నుండి మెసేజ్ వస్తే రూములో దాచుకోవద్దు. ఊరుకుంటే మీరు లేకుండానే తీర్పు రావచ్చు. రిపోర్టు నకలు, లైసెన్సు తీసుకుని వెంటనే మా దగ్గరికి రండి.